వేగపు కారునకు సైలెన్సరు

ఎన్నూరునకు యంత్రముల చప్పుడు క్రొత్తది కాదు. 1948లో స్థాపితమైన అశోక్ మోటార్సు వారు ఆస్టిన్ ఏ-40 కార్లను ఇచ్చటనే కూర్చిరి. 1955లో ఆ సంస్థయే అశోక్ లేలండుగా మారి లారీలకును బస్సులకును పేరుగాంచినది. ఆ యేటనే నెలకొన్న ఎన్‌ఫీల్డ్ ఇండియా వారు ప్రక్కనున్న తిరువొత్తియూరు కర్మాగారమున బుల్లెట్టు మోటారు సైకిళ్లను నిర్మించిరి. 2001లో ప్రారంభమైన ఎన్నూరు రేవు, నేటి కామరాజర్ పోర్టు, 2010 నుండి కార్లను ఓడల కెక్కించి విదేశములకు పంపుచున్నది. ఇట్టి ప్రాంతమున పెరిగిన యువకులకు మోటారు వాహనములపై మక్కువ కలుగుటలో వింత లేదు. వారు కారు కొన్న కొలది మాసములలోనే మార్చదలచు మొదటి భాగము సైలెన్సరు. ఎన్నుకొను పద్ధతి తెలియక ధనమును వ్యర్థపరచుకొనువారును, ఇరుగుపొరుగువారి నిద్ర చెరచి తుదకు జుర్మానా కట్టుకొనువారును కలరు.

త్యాగయ్యగారు వీణ కుప్పయ్యరు ఆహ్వానముపై వచ్చి త్రిపురసుందరీదేవిపై అయిదు కృతులను రచించినది ఈ తిరువొత్తియూరులోనే. నాదమునకును రొదకును గల భేదము ఈ ప్రాంతపు తెలుగువారికి వేరుగా బోధింప నక్కర లేదు. ఆ భేదమునకు యంత్రశాస్త్రములో గల కారణమును మాత్రము చెప్పవలసియున్నది.

అమెరికావారు ‘మఫ్లరు’ అను వస్తువును మనదేశమున ‘సైలెన్సరు’ అనుట వాడుక. పేరునుబట్టి అది చప్పుడును పూర్తిగా మాన్పునని భ్రమపడరాదు. తగ్గించుట మాత్రమే దాని పని. 1897లోనే అమెరికా దేశపు ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు దీనికి పేటెంటు పొందిరి. నాటినుండి నేటివరకు దాని మూలసూత్రము మారలేదు.

సిలిండరులో పెట్రోలు కాలిన పిమ్మట, బహిర్గమన కవాటము తెరచుకొనగానే, మిక్కిలి ఒత్తిడితోనున్న వేడి వాయువు ఒక్క దెబ్బతో గొట్టములోనికి దుముకును. ఈ దెబ్బల వరుసయే మనకు వినవచ్చు ధ్వని. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు సెకనుకు 100 దెబ్బలు పడును. గొట్టములోని వాయువు సుమారు 350 డిగ్రీల వేడిమితో నున్నయెడల అందు ధ్వని సెకనుకు దాదాపు 500 మీటర్లు పోవును. కావున ఆ తరంగము పొడవు 5 మీటర్లు. గొట్టమునకు నడుమ ఒక వెడల్పాటి గదిని అమర్చినచో, దాని పొడవు తరంగములో నాలుగవ వంతైనప్పుడు ధ్వని అధికముగా వెనుకకు మరలింపబడును. సగమైనప్పుడు మాత్రము ఆ గది యున్నను లేకున్నను ఒకటే. 5 మీటర్లలో నాలుగవ వంతు 1.25 మీటరు. అంత పొడవుగల గదిని చిన్న కారు క్రింద నమర్చుట కష్టము. అందుచేతనే కర్మాగారపు సైలెన్సరులో రెండు మూడు గదులు, వానిని కలుపు రంధ్రపు గొట్టములు, అడ్డు రేకులు ఉండును. ఒక్కొక్క గది ఒక్కొక్క స్వరమును పట్టును.

అంగడిలో దొరకు సైలెన్సర్లు స్థూలముగా రెండు జాతులు. పైన చెప్పిన గదుల జాతి మొదటిది. ఇది మందమైన, గంభీరమైన ధ్వని నిచ్చును. కాని వాయువు మలుపులు తిరుగవలసి యుండుటచే కొంత ఒత్తిడి నష్టమగును. రెండవది నేరు గొట్టపు జాతి. ఇందు రంధ్రములు గల గొట్టము ఈ కొసనుండి ఆ కొసకు తిన్నగా పోవును. దాని చుట్టును గాజునారయో ఉక్కునారయో కూరియుండును. వాయువునకు ఆటంకము తక్కువ. అయితే నార సన్నని, తీవ్రమైన స్వరములను మ్రింగగలదే కాని మందర స్వరములను మ్రింగలేదు. కొనువారు తరచుగా మోసపోవు చోటిదే. అంగడి ముందు నిలిపి ఇంజనును ఒకసారి రేపి చూచినప్పుడు చెవి కింపుగానున్న సైలెన్సరే, కలకత్తా రహదారిపై ఒకే వేగమున గంటసేపు పోవునప్పుడు కారు లోపల తేనెటీగల తుట్టెవలె మ్రోగి తలనొప్పి తెచ్చును. రహదారి వేగములో అనేకములగు చిన్న కార్ల ఇంజన్లు 2500 మొదలు 3000 చుట్ల నడుమ తిరుగును. ఆ 100 దెబ్బల మందరధ్వనిని నార ఆపలేదు. పైగా నార కొంత కాలమునకు కాలి, ఊడి, వెలికి కొట్టుకొనిపోవును. అంతట ధ్వని మరింత పెరుగును. కాబట్టి నేరు జాతిని కోరువారు దానికి తోడుగా ఒక రెజొనేటరును కూడ అమర్చుకొనుట యుక్తము.

ఇంకొక విషయము. నేటి చిన్న కార్లలో మూడు సిలిండర్లవి అనేకము. వానిలో అదే 3000 చుట్లకు సెకనుకు 75 దెబ్బలే పడును. కనుక మిత్రుని నాలుగు సిలిండర్ల కారునకు శ్రావ్యముగానున్న సైలెన్సరు మూడు సిలిండర్ల కారునకు అట్లే యుండునని తలచుట పొరపాటు. ఇంజనునుబట్టి సైలెన్సరు గాని, పేరునుబట్టి కాదు.

ఇక శక్తి మాట. ధ్వని పెరిగినచో బలము పెరిగినదని చెవి చెప్పును. చెవి సాక్ష్యము చెల్లదు. బయటికి పోవు వాయువునకు ఆటంకము తగ్గినచో పిస్టను శ్రమ కొంత తగ్గుట నిజమే. కాని సాధారణపు కారులో సైలెన్సరు ఒక్కదానిని మార్చుటవలన కలుగు లాభము స్వల్పము. గాలి జల్లెడ, శిరోగొట్టములు, ఉత్ప్రేరక పరివర్తకము, ఇంజనును నడపు కంప్యూటరు లెక్కలు ఇవన్నియు ఒకదానికొకటి పొసగియుండును. టర్బో గల ఇంజనులో, టర్బో చక్రమే దెబ్బల వాడిని చాలవరకు తగ్గించును. అందు చక్రమునకు వెనుకనున్న గొట్టము సైలెన్సరుకంటె ముఖ్యము. ఇంజనునకు కొంత వెనుక ఒత్తిడి ఉండియే తీరవలెనను లోకోక్తి యొకటి మెకానిక్కులలో ప్రబలియున్నది. ఇది సగము సత్యము. కావలసినది ఒత్తిడి కాదు, వాయువు వేగము. గొట్టము తగినంత సన్నగానున్నప్పుడు ఒక దెబ్బ వెంట ఏర్పడు లోటు తరువాతి దెబ్బను లాగికొనిపోవును. రెండు అంగుళముల గొట్టమును తీసి రెండున్నర అంగుళములది వేసినచో వైశాల్యము ఒకటిన్నర రెట్లకు మించును. వేగము ఆ మేరకు పడిపోవును. ఎక్కువ చుట్లలో కొంత లాభమున్నను, ఊరిలో నడపు తక్కువ చుట్లలో కారు నీరసించును. మణలి కూడలిలో కంటెయినరు లారీల వరుస వెనుక కదలుచు ఆగుచు పోవువానికి ఆ ఎక్కువ చుట్లతో పని యేమి?

ఎన్నూరువారు లోహము విషయమున ఇతరులకంటె జాగరూకులై యుండవలెను. సముద్రపు గాలిలోని ఉప్పు ఇనుమును తినివేయును. బయటి నుండి ఉప్పు, లోపలి నుండి నీరు. ఒక కిలో పెట్రోలు కాలినప్పుడు దాదాపు 1.4 కిలోల నీటి ఆవిరి పుట్టును. ఇంటి నుండి బజారు వరకు మాత్రమే నడపు కారులో గొట్టము వేడెక్కక మునుపే ప్రయాణము ముగియుటచే ఆ ఆవిరి సైలెన్సరులోనే నీరై నిలుచును. రంగు పూసిన మామూలు ఇనుపరేకు ఇచ్చట ఎక్కువ కాలము మన్నదు. అల్యూమినియము పూత గలది కొంత మేలు. పూత గీరుకొన్న చోటను, అతుకు పెట్టిన చోటను తుప్పు మొదలగును. 409 అను రకపు స్టెయిన్‌లెస్ ఉక్కు పైకి ఎఱ్ఱబారినను చాలకాలము నిలుచును. 304 రకము దానికంటె శ్రేష్ఠము, వెలయు నెక్కువ. చౌక వస్తువులలో కనబడు కొస మాత్రము మెరయుచు, లోపలి గొట్టము మామూలు ఇనుపదై యుండుట కలదు. అయస్కాంతము పెట్టి చూచుట వాడుక. కాని 409 రకము కూడ అయస్కాంతమున కంటుకొనును గనుక ఈ పరీక్ష నొక్కదానినే నమ్మరాదు. సైలెన్సరు అడుగున నీరు కారుటకు సన్నని రంధ్రమున్నదో లేదో చూచుకొనవలెను. దానిని లోపమని తలచి అతుకు వేయించువారు తమ వస్తువును తామే చెరచుకొందురు.

చట్టము సంగతి తెలియకుండ ధనము వెచ్చింపరాదు. కేంద్ర మోటారు వాహన నియమములలో, అనగా 1989 నాటి నియమములలో, 120వది ప్రతి వాహనమునకు ధ్వనిని వీలైనంత తగ్గించు సైలెన్సరు ఉండవలెనని విధించుచున్నది. కర్మాగారము నుండి వచ్చు ప్రయాణికుల కారు, నడచుచున్నప్పుడు 7.5 మీటర్ల దూరమున 74 డెసిబెల్సు మించరాదు. డెసిబెల్ లెక్క సామాన్యపు లెక్క కాదు: 3 పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును, 10 పెరిగినచో పదిరెట్లగును. 74 నుండి 84కు పోయిన కారు పది కార్ల పెట్టు. నివాస ప్రాంతమున రాత్రివేళ శబ్దము 45 డెసిబెల్సు మించరాదని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. తయారీదారు నిర్ణయించిన దానికి భిన్నముగా వాహనమును మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను. సుప్రీముకోర్టు 2019 జనవరిలో దీనినే ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణల ప్రకారము అక్రమపు మార్పునకు ఆరు మాసముల వరకు ఖైదు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల వరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. శబ్ద, వాయు కాలుష్య నియమముల నతిక్రమించినచో 10,000 వరకు జుర్మానా, మూడు మాసములు లైసెన్సు రద్దు. ఉత్ప్రేరక పరివర్తకమును తొలగించుట అన్నిటికంటె చెడ్డపని. అందువలన విషవాయువులు నేరుగా వీథిలోనికి వచ్చును. ఎన్నూరు గాలికి ఆ భారము కూడ చేర్చుట అన్యాయము.

మరి వేగప్రియుల కేది దారి? పూర్వము షోలవరపు విమానపు బాటపై పందెములు జరిగెడివి; 1990 ప్రాంతమున అవి ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటకు మారినవి. బిగ్గరగా నుండు సైలెన్సరునకు తగిన చోటు అదియే. పందెపు కారును లారీపై నెక్కించి కొనిపోవుట మర్యాద. వీథిలో నడపు కారునకు కొంత గంభీరధ్వని కావలెనన్నచో, తయారీదారే అట్లు తీర్చి ఆమోదము పొందిన కారును కొనుట మేలు. 2021లో హ్యూందాయ్ వారు విడుదల చేసిన ఐ20 ఎన్ లైన్ అట్టిది. ఉన్న సైలెన్సరు తుప్పుపట్టినచో కర్మాగారపు వస్తువునో, దానికి సరితూగు గదుల జాతినో వేయించుకొనవలెను. పుదుపేటలో దొరకు పాత సరకును కొనువారు ముందుగా దానిని ఊపి చూడవలెను. లోపల రేకు విడిపోయియున్నచో గలగలలాడును.

బిగించు పనియు వస్తువంత ముఖ్యము. రబ్బరు పట్టీలపై వ్రేలాడవలసిన గొట్టమును బిగువుగా కట్టినచో ఇంజను అదురు కారు ఒంటికంతకు ప్రాకును. పెట్రోలు తొట్టికిని, బ్రేకు గొట్టములకును తగినంత ఎడముండవలెను. మన వీథుల వేగనిరోధకములకు తగులకుండ, నలుగురు కూర్చున్నప్పుడు ఎత్తు కొలువవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట, వేడికి సాగి చల్లారి వదులైన బోల్టులను చల్లని ఇంజనుపై మరల బిగింపవలెను. అతుకుల చుట్టు నల్లని మసి కనబడినచో అచ్చట వాయువు కారుచున్నదని తెలియవలెను. తీసిన పాత సైలెన్సరును పాత ఇనుము క్రింద అమ్మక, నూనె రాచి గోనెలో చుట్టి అటకపై నుంచవలెను.