తోరణం వెలిగితే రేడియో ఎందుకు గరగరలాడుతుంది?

కొత్తగూడెంలో వినాయక చవితి మొదలు దీపావళి దాకా కరెంటు తోరణాల కాలం. గణపతి మండపాలు, బతుకమ్మ ఆడే మైదానాలు, దుర్గమ్మ పందిళ్లు, ఆ వెనకే దీపావళి. సింగరేణి కార్మికుల చేతికి లాభాల వాటా, బోనస్ అందేదీ దాదాపు ఈ రోజుల్లోనే కాబట్టి సీరియల్ సెట్లకు గిరాకీ బాగా ఉంటుంది. రామవరం, రుద్రంపూర్ వైపు క్వార్టర్ల పిట్టగోడల మీద, వేపచెట్ల కొమ్మల మీద రంగులు పరుగులు తీస్తాయి. అదే వేళ ఆకాశవాణి కొత్తగూడెం ఎఫ్‌ఎం పెట్టిన ఇంట్లో పాట వెనక గరగర మొదలవుతుంది. స్విచ్ కట్టేస్తే పోతుంది, వేస్తే వస్తుంది. పండగన్నాక ఇలాంటివి మామూలే అని సర్దుకుపోతున్నాం. కానీ ఇది సర్దుకుపోవాల్సిన సంగతి కాదు. రేడియోను చెడగొడుతున్నది దీపం కాదు, దానికి కరెంటును మలిచి పంపే నాసిరకం పెట్టె. షాక్ కొట్టకూడదని ఆ పెట్టెకు నియమం పెట్టగలిగిన దేశం, గాలిలో గోల చేయకూడదనే నియమం కూడా పెట్టగలదు.

ఈ తగువు టీవీ యాంటెనాల నాటిది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. 1980ల మధ్యకల్లా దేశమంతటా చిన్న రిలే కేంద్రాలు వెలిశాయి, డాబాల మీద అల్యూమినియం యాంటెనాలు లేచాయి. పైన ఒకరు గొట్టం తిప్పడం, కింద ఒకరు 'వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది' అని కేకేయడం ఆ తరానికి బాగా తెలుసు. బొమ్మ మీద చీమలు పాకితే సిగ్నల్ బలహీనం. ఉన్నట్టుండి తెల్లగీతలు అడ్డంగా కొడితే పక్కింటి మిక్సీయో, వీధిలో మోటార్‌సైకిలో, పండగ రోజైతే సీరియల్ సెట్టో కారణం. ఆనాటి సెట్లలో ఫిలమెంటు బల్బులు వరసగా కలిపి ఉండేవి. నిలకడగా వెలిగే ఫిలమెంటు ఏ గోలా చేయదు. వాటిలో ఒక ప్రత్యేకమైన బల్బు ఉండేది. వేడెక్కగానే దానిలోని లోహపు రేకు వంగి కరెంటును తెంపేది, చల్లారగానే కలిపేది. తెంపిన ప్రతిసారీ పుట్టే సన్నని నిప్పురవ్వే టీవీలో గీతగా కనిపించేది. ఆ తర్వాత ఎనిమిది రకాలుగా ఆడించే బటన్ పెట్టె వచ్చింది. అందులోని థైరిస్టర్లు మెయిన్స్ కరెంటు అలను సెకనుకు వంద సార్లు మధ్యలో కోస్తాయి. గోల అప్పుడే నిరంతరమైంది.

ఇప్పటి ఎల్‌ఈడీ తోరణం అడాప్టర్‌ను విప్పి చూస్తే విషయం కళ్లకే తెలుస్తుంది. అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ డబ్బా, లోపల గోధుమరంగు బోర్డు. కరెంటు వచ్చే చోట ఒక తీగ చుట్ట, రెండు కెపాసిటర్లు ఉండాలి. లోపల పుట్టే గోలను బయటి తీగల్లోకి పోనివ్వకుండా ఆపేది అవే. చౌక బోర్డుల్లో చాలాసార్లు ఆ భాగాల గుర్తులు అచ్చువేసే ఉంటాయి, రంధ్రాలు కూడా ఉంటాయి, భాగాలు మాత్రం ఉండవు. చుట్ట ఉండాల్సిన చోట ఒక చిన్న తీగ ముక్క అతికించి ఉంటుంది. డిజైన్ చేసినవాడికి అవి అవసరమని తెలుసు. తయారుచేసినవాడు మిగుల్చుకున్నాడు. ఈ అడాప్టర్ కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతుంది. మండపాల్లో బొమ్మలాడించే పిక్సెల్ లైట్లలో రంగుల సమాచారం సెకనుకు 8 లక్షల బిట్ల వేగంతో, కవచం లేని తీగల మీదుగా పారుతుంది. ఇంత వేగంగా తెగే ప్రతి విద్యుత్తు తన మూల సంఖ్యకు ఎన్నో రెట్లు పైనున్న తరంగాలను కూడా పుట్టిస్తుంది. ఇక వాటిని వెదజల్లే పని తోరణమే చూసుకుంటుంది. ఎఫ్‌ఎం తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో సగం, అంటే మీటరున్నర తీగ ఉంటే చాలు, అది మంచి యాంటెనా. పిట్టగోడ పొడవునా వేలాడదీసిన పది మీటర్ల తోరణం సంగతి చెప్పనక్కర్లేదు. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో ఒక ఇంటి తోరణం అటూ ఇటూ ఇళ్లవాళ్ల రేడియోలకూ తగులుతుంది.

ఇది రేడియో పిచ్చి ఉన్నవాళ్ల చాదస్తమని తోసిపుచ్చలేం. అమెరికా కోస్ట్ గార్డ్ 2018 ఆగస్టులో ఒక భద్రతా హెచ్చరిక జారీ చేసింది. పడవల మీద బిగించిన ఎల్‌ఈడీ దీపాలు వీహెచ్‌ఎఫ్ రేడియోను, ఓడల ఉనికిని తెలిపే వ్యవస్థను అడ్డుకుంటున్నాయని, ఒక సంఘటన వేళ ఓడను రేడియోలో పిలిచినా అందలేదని అందులో ఉంది. ఆ రేడియోలు పనిచేసేది 156 మెగాహెర్ట్జ్ పైన. మన ఎఫ్‌ఎం 88 నుంచి 108 మధ్య. అంటే గోల అంత పైకి ఎగబాకగలదు. వేల్స్‌లోని అబెర్‌హోసాన్ అనే ఊళ్లో ఏడాదిన్నర పాటు రోజూ ఉదయం ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండ్ పడిపోయేది. చివరికి ఇంజినీర్లు పరికరం పట్టుకుని వీధులు తిరిగితే, ఒక ఇంట్లో ఆ వేళకు ఆన్ చేసే పాత టీవీ దోషి అని 2020లో తేలింది. ఒక్క పెట్టె ఊరంతటినీ ఇబ్బంది పెట్టగలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే తోరణాల మీద లేనిపోని నిందలు వేయడమూ సరికాదు. పండగ దీపాలు వైఫై వేగాన్ని తగ్గించవచ్చని బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2015 డిసెంబరులో అన్నప్పుడు పత్రికలు దాన్ని పతాక శీర్షిక చేశాయి. నిజానికి ఈ గోల కింది తరంగాల్లో ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అది నామమాత్రం. మీడియం వేవ్ మీద అత్యధికం, ఎఫ్‌ఎం మీద మధ్యస్థం.

యాంటెనాలే లేని రోజుల్లో ఈ గొడవ ఎవరికి అన్నది మొదటి ఆక్షేపణ. అందులో సగం నిజముంది. దూరదర్శన్ నేలమీది అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను కొన్ని కీలక ప్రాంతాల్లో తప్ప 2022 మార్చి నాటికి మూసేశారు. ఇళ్లల్లో ఉన్నది డిష్, లేదా కేబుల్. డిష్ తరంగాలు తోరణం గోలకు అందనంత పైన ఉంటాయి, కేబుల్‌కు కవచం ఉంటుంది. కాబట్టి టీవీ ప్రేక్షకుడు తప్పించుకున్నాడు, రేడియో శ్రోత మిగిలాడు. ఆ శ్రోతల్లో కొత్తగూడెం నడిబొడ్డున ఉన్నవారికి పెద్దగా నష్టం లేదు. అమెరికా ఇంజినీరు ఆర్మ్‌స్ట్రాంగ్ 1930లలో రూపొందించిన ఎఫ్‌ఎం పద్ధతికి గోలను అణిచే గుణం ఉంది, సిగ్నల్ బలంగా ఉన్నంతవరకు. సిగ్నల్ ఒక హద్దు కన్నా కిందికి జారితే ఆ గుణం ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. జాతరలో దూరం నుంచి పిలిచే గొంతు చెవి పక్కన ఊదే బూరకు మునిగిపోయినట్టే. పినపాక, చర్ల, దుమ్ముగూడెం వైపు గుట్టల చాటున ఉన్న పల్లెల్లో సిగ్నల్ సన్నగా ఉంటుంది. అక్కడ చిన్న మండపం చుట్టూ కట్టిన నాలుగు తోరణాలు చాలు. ఎవరికి రేడియో ఎక్కువ అవసరమో వారికే ముందు అది దూరమవుతోంది.

పోనీ నాలుగు రోజుల ముచ్చటే కదా అంటారు. ఆ నాలుగు రోజులు ఎప్పుడొస్తాయో చూడాలి. వినాయక చవితి వచ్చేది గోదావరి పోటెత్తే కాలంలోనే. భద్రాచలం దగ్గర రికార్డు నీటిమట్టం 75.6 అడుగులు 1986 ఆగస్టులో నమోదైంది. మున్నేరు ఖమ్మాన్ని ముంచింది 2024 సెప్టెంబరు 1న, చవితి అదే నెల 7న. కరెంటే పోతే తోరణం కూడా ఆగుతుంది కదా అని వెంటనే అడగొచ్చు. నిజమే. కానీ హెచ్చరిక పనికొచ్చేది కరెంటు పోకముందే. భద్రాచలం దగ్గర మట్టం 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దగ్గర రెండోది, 53 దగ్గర మూడోది వెలువడే ఆ గంటల్లో ఊళ్లలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి. పైగా వారాల తరబడి గరగర విన్న మనిషి ఆ స్టేషన్ పెట్టడమే మానేస్తాడు. మానేసినవాడికి ఆపదలో అది గుర్తురాదు.

ట్రాన్స్‌మిటర్ బలం పెంచితే సరిపోతుందన్న వాదనా ఉంది. పెంచితే మంచిదే. కానీ తోరణం రేడియోకు రెండు మీటర్ల దూరంలో ఉంటే, స్టేషన్ పదుల కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఆ దూరాన్ని వాట్లతో గెలవాలంటే ఖర్చంతా ప్రజలది, లాభం చుట్టను మిగుల్చుకున్న తయారీదారుది. ఇక చిన్న వ్యాపారులు నష్టపోతారన్న మాట నిజంగా ఆలోచించదగ్గది. బండి మీద సెట్లు అమ్ముకునేవాడికి బోర్డు లోపల ఏముందో తెలియదు, తెలుసుకోవాల్సిన పనీ లేదు. నియమం దిగుమతిదారు దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండాలి. ఆ దారి ఇప్పటికే ఉంది. ఎల్‌ఈడీ తోరణాలను 2017లో భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) తప్పనిసరి నమోదు జాబితాలో చేర్చారు. అయితే అక్కడ చూసేది షాక్, మంట లాంటి భద్రతా అంశాలను. దీపాల పరికరాలు చేసే రేడియో గోలకు సీఐఎస్‌పీఆర్ 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, యూరప్‌లో అది దాటనిదే సరుకు అమ్మకూడదు. అదే పరీక్షను మన నమోదులోనూ కలిపితే చాలు, కొత్త శాఖ అక్కర్లేదు. మొబైల్ ఫోన్లకే నేరుగా టీవీ ప్రసారాలు అందించే ప్రయోగాలు 470 మెగాహెర్ట్జ్ పైన జరుగుతున్న వేళ ఈ పని వాయిదా వేయడం తగదు. డిజిటల్ ప్రసారంలో చీమలు, గీతలు ఉండవు. గోల హద్దు దాటితే బొమ్మ గడ్డకట్టుకుపోతుంది, ఎందుకో చూసేవాడికి అర్థం కూడా కాదు.

ఢిల్లీ కదిలేలోపు కొత్తగూడెంలో చేయగలిగింది చాలా ఉంది. కేంద్ర కార్యాలయం ఇక్కడే ఉన్న సింగరేణి ఏటా డిసెంబరు 23న సింగరేణి డే జరుపుతుంది. ముక్కోటికి, శ్రీరామనవమికి భద్రాచలం దీపాలతో మెరుస్తుంది. ఈ రెండు చోట్లా లైటింగ్ పని అప్పగించే కాగితంలో ఒక షరతు రాయవచ్చు: తోరణాలన్నీ వెలిగించాక, పది అడుగుల దూరంలో పెట్టిన రేడియోలో ఆకాశవాణి కొత్తగూడెం శుభ్రంగా వినిపించాలి. కోస్ట్ గార్డ్ పడవల వాళ్లకు చెప్పిన పరీక్ష కూడా దాదాపు ఇలాంటిదే, దీపం ఆపి విను, వేసి విను అని. ఏ పరికరాలూ అక్కర్లేదు. పెద్ద ఆర్డర్లు ఇలా షరతుతో వస్తే సప్లయి వాళ్లు ఆ రకం అడాప్టర్లనే తెప్పిస్తారు, మిగతా పదకొండు నెలలు అవే పెళ్లిళ్లకు, మండపాలకు తిరుగుతాయి. మండపాల అనుమతి పత్రంలో మైకు వేళలు రాస్తున్న చోటే ఈ వాక్యం కూడా చేర్చవచ్చు. ఇళ్లల్లో అయితే గోల చేస్తున్న సెట్ తీగను అడాప్టర్ పక్కనే ఫెరైట్ రింగ్ చుట్టూ ఐదారు చుట్లు తిప్పితే కొంత తగ్గుతుంది. ఎలక్ట్రానిక్స్ సామాను దుకాణంలో ఆ రింగ్ దొరుకుతుంది.