ప్రొఫైల్‌లో పని కనిపించాలి

మనిషి కోసం వెతికే రిక్రూటర్ లింక్డ్‌ఇన్‌లో మన పేరు కొట్టి చూడరు. మన పేరు వాళ్లకు తెలిసే అవకాశమే లేదు. వాళ్లు కొట్టేది పని పేరు, ఊరు, కావాల్సిన నైపుణ్యం. ‘సబ్‌స్టేషన్ మెయింటెనెన్స్, విజయవాడ’ అని కొడితే ఆ మాటలున్న ప్రొఫైళ్లు తెర మీదికి వస్తాయి. పదేళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి ఆ మాట ఎక్కడా రాసుకోకపోతే ఆ వరసలో కనిపించడం కష్టం. మన జిల్లాల్లో పనిమంతులకు కొదవ లేదు. వాళ్లు చేసిన పని వాళ్ల ప్రొఫైల్‌లో కనిపించకపోవడం మాత్రం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పేరు కింద ఉండే హెడ్‌లైన్‌లో 220 అక్షరాల దాకా రాసుకోవచ్చు. చాలామంది అక్కడ ‘హార్డ్ వర్కింగ్’, ‘ప్యాషనేట్’ లాంటి మాటలు నింపేస్తారు. ఆ మాటలతో ఎవరూ వెతకరు. వాటిని బట్టి ఒకరికీ ఇంకొకరికీ తేడా కూడా తెలియదు.

ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, ఒక కాంట్రాక్టర్ దగ్గర మూడేళ్లు పనిచేసిన కుర్రాడి సంగతి చూద్దాం. అనుభవం దగ్గర ‘మెయింటెనెన్స్ పనులు చూసుకున్నాను’ అని ఒక్క ముక్క రాసి వదిలేశాడు. కానీ ఆ మూడేళ్లలో అతను చేసింది చాలా ఉంది. 33/11 కేవీ సబ్‌స్టేషన్లలో ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని వాక్యూమ్ బ్రేకర్లు సర్వీస్ చేశాడు. మెగ్గర్ పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచాడు. ఆయిల్ శాంపిల్ తీసి బీడీవీ (బ్రేక్‌డౌన్ వోల్టేజ్) పరీక్షకు పంపాడు. రీడింగులు రిజిస్టర్‌లో ఎక్కించాడు. ఇవే నాలుగు వాక్యాలుగా రాస్తే, ఆ పని తెలిసిన ఇంజినీరుకు చదవగానే ప్రశ్నలు పుడతాయి. మెగ్గర్ పెట్టే ముందు ఏమేం చేశావు, బీడీవీ ఎంత వచ్చింది, తక్కువ వస్తే ఎవరికి చెప్పావు? ఇంటర్వ్యూ అక్కడే మొదలవుతుంది. సొంతంగా చేసింది ‘నేను చేశాను’ అని, నలుగురితో కలిసి చేసింది ‘మా టీమ్ చేసింది’ అని విడిగా రాయడం కూడా ముఖ్యం. ఎదుటివాళ్లు రెండు ప్రశ్నలు వేస్తే ఆ తేడా ఎలాగూ బయటపడుతుంది.

మన పేర్లకు ఇంకో చిక్కుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, డిగ్రీ పట్టాకొచ్చేసరికి ఒక్క అక్షరం అవుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు వేరే గడిలోకి వెళుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ముద్దుపేరు, దాని పక్కన అభిమాన హీరో పేరు. ఇంగ్లిష్‌లో లక్ష్మిని ఒకచోట ఒక స్పెల్లింగ్‌తో, ఇంకోచోట ఇంకో స్పెల్లింగ్‌తో రాస్తారు. ఇవన్నీ ఒకే మనిషివని వెతికేవారికి ఎలా తెలుస్తుంది? పాస్‌పోర్టు ఉంటే అందులో ఉన్న పేరునే, అదే స్పెల్లింగ్‌తో, వృత్తికి వాడే ప్రతి ఖాతాలోనూ పెట్టుకోవడం మంచిది.

తేదీల విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ‘రెండేళ్లు ఎక్కువ వేసుకో, ఎవరు చూస్తారు’ అని సలహా ఇచ్చే సీనియర్లు ఉన్నారు, డబ్బు తీసుకుని అనుభవ పత్రాలు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఇవాళ అది చూసేవాళ్లు చాలామందే. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్ చందాదారులకు యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చింది. ఏ కంపెనీలో ఎప్పుడు చేరాం, ఎప్పుడు మానేశాం అన్నది ఆ నంబరు కింద నమోదై ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని రెజ్యూమెతోనూ ప్రొఫైల్‌తోనూ పోల్చి చూస్తారు. తేడా వస్తే చేతికొచ్చిన ఆఫర్ వెనక్కి పోవచ్చు. అమ్మకు ఒంట్లో బాగాలేక ఎనిమిది నెలలు ఇంటిపట్టున ఉంటే ఆ మాటే రాయొచ్చు. లింక్డ్‌ఇన్ 2022లో ‘కెరీర్ బ్రేక్’ అని దానికి విడిగా చోటిచ్చింది.

అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలకు ఇది ఇంకా పెద్ద విషయం. గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల వివరాలను డీఎస్-160 వీసా దరఖాస్తు ఫారం 2019 నుంచే అడుగుతోంది. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలకు, డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వీసాలకు కూడా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టమన్నారు. హెచ్-1బీ పిటిషన్‌లో ఉన్న ఉద్యోగం ఒకటి, ప్రొఫైల్‌లో ఉన్నది ఇంకొకటి అయితే వీసా అధికారి అడగొచ్చు. కులం పేరు పెట్టి తిట్టిన కామెంట్లు, హీరోల అభిమానుల గొడవల్లో రాసిన బూతులు కూడా అదే చూపులో పడతాయి.

రోజూ పోస్టు పెట్టాల్సిన పని లేదు. కొత్తగా నేర్చుకున్నది ఒకటి, సైట్‌లో ఎదురైన చిక్కు ఒకటి, తీరిక దొరికినప్పుడు రాస్తే చాలు. ఎవరైనా అడిగిన సందేహానికి తెలిసిన జవాబు ఓపిగ్గా రాసినా నలుగురి కంట్లో పడుతుంది. కంట్రోల్ రూమ్ ఫొటోలు, కంపెనీ డ్రాయింగులు, క్లయింటు పేర్లు మాత్రం బయట పెట్టకూడదు. ఉద్యోగ ప్రకటనల కింద ‘ఇంట్రెస్టెడ్’ అని ఫోన్ నంబరు రాసేయడం కూడా మానాలి. ఆ నంబర్లు ఏరుకుని, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని ఫోన్లు చేసే మోసగాళ్లున్నారు. ఉద్యోగం ఇచ్చే అసలైన కంపెనీ మన దగ్గర డబ్బు అడగదు.

పాత సైట్ ఇంజినీరు గారిని రికమెండేషన్ అడగడానికి కుర్రాళ్లు మొహమాటపడతారు. అడిగినా ‘సార్, నా గురించి నాలుగు మంచి మాటలు రాయండి’ అంటారు. ఆయనకు ఏం రాయాలో తోచక వాయిదా వేస్తారు. ‘సార్, ఆ వానాకాలంలో ఫీడర్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే, పగిలిన ఇన్సులేటర్‌ని నేను పట్టుకున్నాను కదా, ఆ సంగతి రాస్తారా?’ అని అడిగితే ఆయనకు ఆ రోజంతా గుర్తొస్తుంది, రాయడం తేలికవుతుంది. చదివిన కంపెనీవాళ్లు నమ్మకం కుదరక ఆయనకే ఫోన్ చేసినా, వాళ్లు అడగడానికీ ఈయన చెప్పడానికీ ఒక విషయం ఉంటుంది.