రెండేళ్ళ గ్రీన్ కార్డు: షరతు ఎట్లా తీయించుకోవాలి, లాయర్ ఎప్పుడు కావాలి

ఈ ఎపిసోడ్‌లో నోటితో చెప్పిందే ఇక్కడ రాసి పెడుతున్నా. ఫోన్‌లో దాచుకోండి, అవసరమైన వాళ్ళకు పంపండి. ముందే చెప్తున్నా, నేను లాయర్ని కాదు. ఐటీఐ చదివి బిల్డింగ్ పనిలోకి వచ్చిన సూపర్‌వైజర్ని. కానీ సైట్లో లంచ్ టైంలో నన్ను ఎక్కువ మంది అడిగేది పెళ్ళి మీద వచ్చిన గ్రీన్ కార్డు గురించే. అందుకే ఈ సంగతి గట్టిగా తెలుసుకున్నా.

ముందు మీ కార్డు తీసి చూడండి. క్యాటగిరీ దగ్గర సీఆర్1 అనో సీఆర్6 అనో ఉంటే అది షరతు ఉన్న కార్డు. ఇండియా నుంచి వీసా మీద వచ్చిన వాళ్ళకు సీఆర్1, ఇక్కడే ఉండి మార్చుకున్న వాళ్ళకు సీఆర్6. గ్రీన్ కార్డు హోదా దొరికిన రోజుకి పెళ్ళై రెండేళ్ళు నిండకపోతే ఇట్లాంటి కార్డే ఇస్తారు. దొంగ పెళ్ళిళ్ళు ఆపాలని 1986లో అమెరికా పార్లమెంటు చేసిన చట్టంతో వచ్చిన పద్ధతి ఇది. పదేళ్ళ కార్డు వాళ్ళకున్న హక్కులే మీకూ ఉంటాయి. తేడా ఒక్కటే: మామూలుగా రెన్యువల్ చేసుకునే కార్డు కాదిది. ఐ-751 అనే ఫారం వేసి షరతు తీయించుకోవాలి. వెయ్యకుండా గడువు దాటిందా, హోదా పోతుంది, డిపోర్టేషన్ కోర్టుకు పిలిచే అవకాశం ఉంది.

ఎప్పుడు వెయ్యాలి

మొగుడూ పెళ్ళాం కలిసి వేస్తుంటే, కార్డు ఎక్స్‌పైరీకి ముందు 90 రోజుల లోపల. ఉదాహరణకు ఎక్స్‌పైరీ 2026 నవంబర్ 20 అనుకోండి, ఆగస్టు 22 నుంచి వెయ్యొచ్చు. అంతకంటే ముందు పంపితే తిప్పి పంపొచ్చు. ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి 750 డాలర్లు. పంపే రోజు యూఎస్‌సీఐఎస్ సైట్లో ఫీజు ఇంకోసారి చూసుకోండి. కార్డు మీతోపాటే, లేదా మీ తర్వాత 90 రోజుల్లోపు వచ్చిన పిల్లలను మీ ఫారంలోనే చేర్చొచ్చు.

ఫారం అందాక రసీదు కాగితం వస్తుంది. 2023 జనవరి నుంచి ఆ కాగితం పాత కార్డును 48 నెలలు పొడిగిస్తుంది. పాత కార్డు, ఆ రసీదు రెండూ కలిపితేనే చెల్లుబాటు. ఉద్యోగంలో అడిగినా, ఊరికి పోయి తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో అడిగినా రెండూ చూపించాలి. కార్డు ఎక్స్‌పైర్ అయింది గదా అని పారేయొద్దు.

మన పనిలో ఇంకో చిక్కు ఉంది. ఆరు నెలలు ఒక రాష్ట్రం, ఎనిమిది నెలలు ఇంకో రాష్ట్రం. ఇల్లు మారిన 10 రోజుల్లో అడ్రస్ మార్పు యూఎస్‌సీఐఎస్‌కి తెలపాలని చట్టం. ఏఆర్-11 అనే ఫారం, ఆన్‌లైన్లో ఫ్రీగా అయిపోతుంది. వేలిముద్రలకు పిలిచినా, ఇంకా కాగితాలు కావాలన్నా, ఇంటర్వ్యూ అన్నా పోస్టులోనే వస్తుంది. ఆ ఉత్తరం పాత రూముకి పోయిందంటే కేసే పోవచ్చు.

ఏం చూపించాలి

పెళ్ళి నిజమా కాదా అన్నదే ఆఫీసర్ చూసేది. మన సైట్లో డైలీ లాగ్ ఎట్లా ఉంటుందో గుర్తు చేసుకోండి. గొడవ వచ్చినప్పుడు ఏ రోజుది ఆ రోజు రాసిన కాగితానికి విలువ ఉంటుంది గాని, ఆర్నెల్ల తర్వాత కూర్చుని రాసినదానికి ఉండదు. ఇదీ అంతే. ఇద్దరి పేర్ల మీద అద్దె అగ్రిమెంటు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, కలిసి వేసిన ట్యాక్స్ రిటర్నులు, ఇన్సూరెన్సు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు రెండేళ్ళ పొడుగునా ఒక ఫైలులో పెట్టుకుంటూ రండి. మిమ్మల్ని దగ్గరగా ఎరిగిన వాళ్ళు రాసిచ్చే అఫిడవిట్లు కూడా పనికొస్తాయి. తెలుగులో ఉన్న ఏ కాగితానికైనా ఇంగ్లీషు అనువాదం, అది సరైనదని అనువాదకుడి సంతకం తప్పనిసరి. పెళ్ళి ఫోటోలు పెట్టండి, కానీ పెళ్ళి భోజనాల ఫోటోలు వంద పెట్టేకంటే రెండేళ్ళ కరెంటు బిల్లులు పెట్టడం మేలు.

పని కోసం ఒకరు ఒక రాష్ట్రంలో, ఒకరు ఇంకో రాష్ట్రంలో ఉంటే దాచొద్దు. ఎందుకు వేరుగా ఉన్నారో ఉత్తరం రాయండి. కంపెనీ లెటర్, వచ్చిపోయిన టికెట్లు, పంపిన డబ్బుల రికార్డు జత చెయ్యండి. దూరంగా ఉండటం తప్పు కాదు, అబద్ధం రాయడం తప్పు.

సంతకం పెట్టను అంటే

నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది ఇదే. "మా ఆయన సంతకం పెట్టనంటున్నాడు, ఇండియాకి పంపించేస్తా అంటున్నాడు" అని చెల్లెళ్ళు ఏడుస్తారు. మగవాళ్ళకూ ఈ బెదిరింపు ఉంటుంది, నోరు విప్పి చెప్పుకోలేరు అంతే.

ఒక్క మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి: భర్త గాని, భార్య గాని నోటి మాటతో మీ కార్డు రద్దు చెయ్యలేరు. రెండో వాళ్ళ సంతకం లేకుండా ఒంటరిగా ఐ-751 వేసే దారులు చట్టంలోనే ఉన్నాయి. పెళ్ళి నిజాయితీగా చేసుకున్నారు కానీ విడాకులు అయ్యాయి, అది ఒకటి. కొట్టడం లేదా తీవ్రంగా హింసించడం జరిగింది, అది రెండు. దేశం నుంచి పంపిస్తే మామూలుకు మించిన కష్టం వస్తుంది, అది మూడు. భర్త లేదా భార్య చనిపోయిన వాళ్ళకూ దారి ఉంది. ఇట్లా ఒంటరిగా వేసే వాళ్ళకు 90 రోజుల కిటికీ లేదు, అంతకు ముందైనా వెయ్యొచ్చు.

హింస దారిలో విడాకులు అయ్యుండాలని లేదు. దెబ్బలే ఉండాలనీ లేదు, మానసికంగా క్రూరంగా హింసించినా లెక్కలోకి వస్తుంది. పోలీసు రిపోర్టు, డాక్టర్ కాగితం, బెదిరింపు మెసేజులు జాగ్రత్త చేసుకోండి. ఈ దారికి ఫీజు లేదు. మీ కేసు సంగతి ఆఫీసర్లు హింసించిన మనిషికి చెప్పకూడదని చట్టం ఉంది. ఇంట్లో ప్రమాదం ఉంటే ముందు 911. మాట్లాడటానికి నేషనల్ డొమెస్టిక్ వయలెన్స్ హాట్‌లైన్ 1-800-799-7233, రాత్రీపగలూ పనిచేస్తుంది.

విడాకుల దారికి కోర్టు చివరి తీర్పు కావాలి. కేసు ఇంకా నడుస్తుండగానే కార్డు గడువు దగ్గర పడితే, ఆ మధ్యకాలంలో ఎట్లా వెయ్యాలి అన్నది లాయర్‌తోనే తేల్చుకోవాలి. కలిసి వేసిన తర్వాత విడాకులు అయితే, తీర్పు కాపీ పంపి అదే ఫారాన్ని ఒంటరి దారికి మార్చమని అడగొచ్చు.

లాయర్ ఎప్పుడు కావాలి

ఇద్దరూ కలిసే ఉన్నారు, కాగితాలు పుష్కలంగా ఉన్నాయి, పోలీసు కేసులేవీ లేవు అంటే చాలామంది సొంతంగానే వేసుకుంటారు. వేరుగా ఉంటున్నా, విడాకులు నడుస్తున్నా, హింస ఉన్నా, ఎప్పుడైనా అరెస్టు అయినా, గడువు దాటినా, కోర్టు నోటీసు వచ్చినా మాత్రం లాయర్ లేకుండా అడుగు వెయ్యొద్దు. గడువు దాటినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. ఆలస్యానికి సరైన కారణం రాసి అడగొచ్చు, ఆ కారణం ఎట్లా నిలబెట్టాలో లాయర్‌కి తెలుస్తుంది. ఫారం తిరస్కరించినా ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు మళ్ళీ వాదించుకునే హక్కు ఉంటుంది.

ఇమ్మిగ్రేషన్ సలహా ఇచ్చే అర్హత ఇద్దరికే ఉంది: లైసెన్సు ఉన్న లాయర్, లేదా న్యాయ శాఖ గుర్తింపు ఉన్న సంస్థలో పనిచేసే అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్. ఆ సంస్థల్లో ఫీజు తక్కువ, కొన్ని చోట్ల అసలు ఉండదు. రాష్ట్రాలవారీ జాబితా న్యాయ శాఖ సైట్లో ఉంది. లాయర్ లైసెన్సు ఆ రాష్ట్ర బార్ సైట్లో పేరు కొట్టి చూడొచ్చు. ఇది ఫెడరల్ చట్టం కాబట్టి ఏ రాష్ట్ర లైసెన్సు ఉన్న లాయరైనా మీ కేసు చూడొచ్చు. తెలుగు తెలిసిన లాయర్ మీ ఊళ్ళో లేకపోతే వేరే రాష్ట్రంలో వెతుక్కోండి.

ట్యాక్సులు వేసే అన్న, నోటరీ, ట్రావెల్ ఏజెంటు మీరు చెప్పిన జవాబులు టైపు చెయ్యొచ్చు, అంతే. తయారు చేసినవాళ్ళ పేరు, సంతకం ఫారంలో ఉండాలి. ఏ దారిలో వెయ్యాలో చెప్పే హక్కు వాళ్ళకు లేదు. "నాకు లోపల మనుషులున్నారు" అన్నవాడి దగ్గర్నుంచి లేచి వచ్చెయ్యండి. ఖాళీ ఫారం మీద సంతకం చెయ్యొద్దు. ఒరిజినల్స్ ఎవరికీ వదిలెయ్యొద్దు. ఫీజు ఎంత, దాంట్లో ఏ పనులు వస్తాయి అన్నది కాగితం మీద రాయించుకోండి. లాయర్ మీ తరఫున నిలబడితే జీ-28 అనే ఫారం వేస్తారు, దాని కాపీ, పంపిన మొత్తం ఫైలు కాపీ అడిగి తీసుకోండి.

ఇవాళే చేయాల్సిన పని ఒకటి ఉంది. కార్డు మీద ఎక్స్‌పైరీ డేట్ చూసి, 90 రోజులు వెనక్కి లెక్కేసి, ఆ తారీఖుకి ఫోన్‌లో అలారం పెట్టండి. మీ రూమ్మేట్ దగ్గరా ఇట్లాంటి కార్డే ఉంటే అతని చేత కూడా పెట్టించండి.