బాణం తప్పితే చెప్పే యంత్రం

చంద్రగిరిలో ఇంటర్ చదివే పిల్లకాయలకు ఆర్గానిక్ కెమిస్ట్రీలో కొరుకుడుపడనివి వంపు బాణాలు. ఎలక్ట్రాన్ల జంట ఎక్కణ్ణుంచి ఎక్కడికి కదిలిందో చెప్పే గుర్తులవి. రాత్రి ఇంట్లో గీసిన బాణం తప్పని తెలిసేది, నోటుపుస్తకం దిద్ది చేతికొచ్చాకే. అప్పటికి అలా ఎందుకు గీశారో వాళ్లకే గుర్తుండదు. ఆ ఆలస్యాన్ని తీసేయడానికే ఒక తరహా సాఫ్ట్‌వేర్ పుట్టింది.

దాని పుట్టిల్లు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. 1960లో డొనాల్డ్ బిట్జర్ అక్కడ ప్లేటో అనే బోధన కంప్యూటర్‌కు ప్రాణం పోశారు. స్టాన్లీ స్మిత్ అనే ఆచార్యుడు దానికోసం ఆర్గానిక్ పాఠాలు తయారుచేసి, ఆ అనుభవాన్ని 1970లో ప్రచురించారు. 1972 నాటికి ప్లేటోకు నారింజరంగు ప్లాస్మా తెర వచ్చింది. వేలు పెడితే ఎక్కడ పెట్టామో దానికి తెలిసేది.

వేలిని పసిగట్టడం కన్నా అణువును పోల్చుకోవడం కష్టం. 2-బ్రోమోబ్యూటేన్‌ను ఒకరు ఎడమనుంచి గీస్తారు, మరొకరు కుడినుంచి. రెండూ ఒకటేనని యంత్రం గ్రహించాలి. దారి 1965లోనే హ్యారీ మోర్గాన్ చూపారు. ముందు ప్రతి పరమాణువుకూ దాని పొరుగు పరమాణువులు ఎన్నో ఆ సంఖ్య ఇస్తారు. తర్వాత పొరుగువాటి సంఖ్యలు కూడి కొత్త సంఖ్య ఇస్తారు. ఇలా మళ్లీ మళ్లీ చేస్తే ఏది ఎక్కడుందో తేలుతుంది. ఇంటి నంబరు తెలియకపోయినా పక్కిల్లెవరిది, దాని పక్కదెవరిది అని అడుగుతూ ఇల్లు పట్టుకుంటాం కదా, అదే ఉపాయం.

కెంటకీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గ్రాస్‌మన్, రాఫెల్ ఫింకెల్ బృందం 2006లో ఈపాక్ అనే సాఫ్ట్‌వేర్‌ను వివరించింది. తెరమీద గీసిన జవాబులో ఏ తప్పుంటే ఆ తప్పుకు తగిన మాట చెప్పడం దాని ప్రత్యేకత. రెండేళ్లకు కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో జొనథన్ చెన్, పియర్ బాల్డి వంపు బాణాలను కూడా సాధన చేయించే వ్యవస్థను చూపారు.

హైడ్రోజన్ అయాను నుంచి ఆక్సిజన్ వైపు బాణం గీసిన పిల్లను తీసుకోండి. "తప్పు" అన్న ఒక్క మాటతో ఆమెకు ఒరిగేదేమీ లేదు. "ఆ అయాను దగ్గర ఎలక్ట్రాన్లు లేవు, ఇవ్వగలిగింది ఆక్సిజనే" అని అప్పుడే చెబితే బాణం తనే తిప్పుకుంటుంది. అంత తేలిగ్గా మరిచిపోదు.

అణువు బొమ్మకు భాష లేదు. ఈ సాఫ్ట్‌వేర్‌లో భాష ముఖ్యంగా అవసరమయ్యేది ఆ దిద్దుబాటు మాటల్లో. తప్పులన్నీ ఎరిగిన మన మాస్టర్లు ఆ మాటలను తెలుగులో రాసిపెడితే, చంద్రగిరిలో రాత్రి పదింటికి గీసిన బాణానికి అప్పుడే, మన మాటల్లోనే జవాబు దొరుకుతుంది.