వీధి రూపము – నడచువాని ప్రాణము

ఉదయము తొమ్మిది గంటలవేళ రాజమహేంద్రవరములోని కోటగుమ్మము కూడలివద్ద కొంతసేపు నిలబడి చూచినచో ఊరి జీవనమంతయు కాలినడకన కదలుచున్నట్లు తోచును. గోదావరిలో స్నానముచేసి తడిబట్టలతో మరలివచ్చువారు, రైలుదిగి మూటలతో నడచువారు, మెయిన్ రోడ్డులోని అంగళ్ళకు పోవువారు, బడిసంచులు తగిలించుకొన్న పిల్లలు, సైకిళ్ళపై పాలక్యానులు తెచ్చువారు అచ్చట కనబడుదురు. కాని వీరందరికిని మిగిలినది మురుగుకాలువకును, నిలిపియుంచిన మోటారు సైకిళ్ళకును నడుమనున్న మూరెడు జాగా మాత్రమే. ఆ జాగాకూడ లేనిచోట వారు వాహనముల మధ్యకు దిగి నడువవలసినదే.

ఇట్లు నడచుటవలన కలుగు నష్టము స్వల్పమైనది కాదు. కేంద్ర రవాణాశాఖ లెక్కలప్రకారము 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది పాదచారులు. 4,836 మంది సైకిళ్ళపై పోవువారు. ప్రమాదము జరిగినపుడెల్ల ‘అజాగ్రత్త’ అను ఒక్క మాటతో సరిపెట్టుకొనుట మనకు అలవాటైనది. మనుష్యుడు పొరపడుట సహజమే. కాని ఒకచోట చేసిన పొరపాటు చిన్న దెబ్బతోను, మరియొకచోట చేసిన అదే పొరపాటు మరణముతోను ముగియుచున్నది. ఈ భేదమునకు కారణమేమి?

వేగము చేయు పని

కదలుచున్న వస్తువునందుండు శక్తికి గతిజశక్తి యని పేరు. అది వేగముతో సమానముగా పెరుగదు. వేగముయొక్క వర్గమునుబట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు కారు 50 కిలోమీటర్ల వేగమును పుంజుకొన్నచో దానిలోని శక్తి దాదాపు మూడు రెట్లగుచున్నది.

దీనిని ఇంకొక విధముగా చెప్పవచ్చును. సుమారు 10 మీటర్ల ఎత్తుగల మూడంతస్తుల మేడపైనుండి పడిన మనుష్యుడు నేలను తాకు వేగము గంటకు 50 కిలోమీటర్లు. మూడున్నర మీటర్ల ఎత్తునుండి, అనగా ఒక్క అంతస్తునుండి, పడినవాని వేగము 30 కిలోమీటర్లు. ఒక అంతస్తునుండి పడినవాడు కాలువిరిగియైనను బ్రదుకుటకు అవకాశము కలదు. మూడంతస్తుల పైనుండి పడినవాని సంగతి చెప్పనక్కరలేదు.

వాహనము ఆగుటకు పట్టు దూరము మరింత ముఖ్యమైనది. నడుపువాని కన్ను అడ్డమును చూచి, మెదడు గ్రహించి, కాలు బ్రేకును త్రొక్కుటకు సుమారు ఒక సెకను పట్టును. పొడిగానున్న మంచి రోడ్డుపై 30 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ సెకనులో 8 మీటర్లు పోయి, బ్రేకు పడిన తరువాత మరి 5 మీటర్లు జారి, మొత్తము 13, 14 మీటర్లలో నిలిచిపోవును. 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు కారు ఆ మొదటి సెకనులోనే 14 మీటర్లు పోవును. బంతివెంట పరుగెత్తుకొనివచ్చిన బాలుడు 14 మీటర్ల దూరమున కనబడినాడనుకొందము. మొదటి కారు వాని ముందర ఆగును. రెండవ కారునకు అప్పటికింకను బ్రేకు పడనేలేదు. అది పూర్తివేగముతోనే వానిని తాకును. ఇద్దరు చోదకులును సమానముగా జాగరూకులే. తేడా వేగమునందే యున్నది.

వేగము తగ్గించినచో పనులు చెడునని కొందరు భయపడుదురు. ఊరిలో రెండు కిలోమీటర్లు పోవుటకు 50 కిలోమీటర్ల వేగమున సుమారు రెండున్నర నిమిషములు, 30 కిలోమీటర్ల వేగమున నాలుగు నిమిషములు పట్టును. కోల్పోవునది ఒకటిన్నర నిమిషము. 2020లో స్టాక్‌హోమ్ నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము, జనులును వాహనములును కలిసి తిరుగు వీధులలో వేగము 30 కిలోమీటర్లు మించరాదని ప్రకటించుటకు ఆధారము ఇట్టి లెక్కలే.

బోర్డు కాదు, వీధియే చెప్పవలెను

వేగపరిమితిని బోర్డుపై వ్రాసి కట్టినంతమాత్రమున వాహనము నెమ్మదించదు. నడుపువాడు బోర్డును చూచుటకంటె వీధిని ఎక్కువగా చూచును. వెడల్పుగా, తిన్నగా, అడ్డులేకుండ నున్న రోడ్డు వానిని వేగముగా పొమ్మని పిలుచును. పాతపట్టణములోని ఇరుకు సందులలో ఏ బోర్డు లేకున్నను ఎవ్వరును వేగముగా పోలేరు. కాబట్టి వీధిని వెడల్పు చేయునపుడు లభించిన స్థలమునంతయు వాహనములకే ఈయక, కొంతభాగమును నడచువారికిని, సైకిళ్ళకును, చెట్లకును వేరుచేయుటయే అసలైన ఉపాయము.

రోడ్డు దాటుటను గమనింపుడు. సాధారణముగా మనుష్యుడు సెకనుకు 1.2 మీటర్లు నడచును. 14 మీటర్ల రోడ్డును దాటుటకు వానికి 12 సెకనులు పట్టును. 50 కిలోమీటర్ల వేగముతో వచ్చు వాహనము ఆ కాలములో 160 మీటర్లకు పైగా వచ్చును. అనగా రెండువైపులను అంతదూరము ఖాళీగా ఉన్నపుడే అతడు అడుగు పెట్టవలెను. రద్దీ వీధిలో అట్టి అదను దొరుకదు. రోడ్డు మధ్య నిలబడుటకు ఎత్తైన తిన్నె కట్టినచో దాటవలసిన దూరము ఒకసారికి 7 మీటర్లే. ఒక్కవైపు చూచిన చాలును. వాహనముల వేగమునుకూడ 30 కిలోమీటర్లకు తగ్గించినచో ఆరు సెకనులలో, 50 మీటర్ల ఖాళీలో, ముసలివారుగాక మిగిలినవారు దాటిపోగలరు. ముసలివారికి మరికొంత అదను కావలెను. వారికి ఆ తిన్నెయే ఆశ్రయము. దాటుచోట రోడ్డును కాలిబాటయంత ఎత్తునకు లేపినచో వాహనము తనంతట నెమ్మదించును.

భారత రోడ్ల కాంగ్రెసు 2012లో ప్రకటించిన సూత్రములలో కాలిబాటకు అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లుండవలెననియు, అంచు 15 సెంటీమీటర్ల ఎత్తు మించరాదనియు చెప్పబడినది. రెండు చక్రములకుర్చీలు ఎదురుపడినను తప్పుకొనిపోవుటకు ఆ వెడల్పు కావలెను. మన ఊళ్ళలో మురుగుకాలువపై పరచిన పలకలే కాలిబాట యగుచున్నవి. ఒక పలక విరిగినచో ఆ బాటంతయు నిరుపయోగము. చిల్లరవర్తకులను తరిమివేయుట పరిష్కారము కాదు. 2014 నాటి వీధివర్తకుల చట్టము వారికిని హక్కు నిచ్చినది. బాట ప్రక్కన వారికి వేరుగా చోటు గుర్తించుటయే న్యాయము. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, పాదచారులకు కాలిబాట కలిగియుండుట రాజ్యాంగము 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో భాగమని స్పష్టపరచినది.

రెండు డెల్టాలు

సైకిలునకు గోదావరి డెల్టావంటి నేల అరుదు. మనుష్యుడును సైకిలును కలిసి 90 కిలోగ్రాముల బరువనుకొందము. గంటకు 15 కిలోమీటర్ల వేగముతో సమతలముపై పోవుటకు 40, 50 వాట్ల సామర్థ్యము చాలును. నూరు మీటర్లకు ఒక్క మీటరు ఎత్తు పెరిగినను మరి 37 వాట్లు కావలెను. శ్రమ దాదాపు రెట్టింపగును. భీమవరము, పాలకొల్లు, అమలాపురము ప్రాంతములలో ఆ ఎక్కుడు లేనేలేదు. 2010 తరువాతి దశకములో రాష్ట్ర ప్రభుత్వము ‘బడికొస్తా’ పథకముక్రింద ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచినది. సైకిలు ఇచ్చుటతో సగము పనియే జరుగును. అది పోవు బాటకూడ క్షేమమైనది కావలెను.

యూరపులోని నెదర్లాండ్సు కూడ నదీముఖమున కాలువలతో నిండిన పల్లపు నేలయే. అచ్చటివారు మొదటినుండి ఇప్పటివలె సైకిళ్ళకు బాటలు వేసినవారు కారు. 1971లో ఆ చిన్న దేశమున రోడ్డు ప్రమాదములలో మూడువేలకు పైగా మరణించిరి. అందు నాలుగువందలకు పైగా పిల్లలు. తలిదండ్రులు వీధులకెక్కి ఆందోళన సాగించిరి. క్రమముగా నివాసవీధులలో వాహనవేగము తగ్గింపబడినది. సైకిళ్ళకు ప్రత్యేకమార్గములు ఏర్పడినవి. వాహనములు ఎన్నోరెట్లు పెరిగినను 2023లో మృతుల సంఖ్య 684. వైద్యము, సీటుబెల్టు మొదలైనవికూడ ఇందుకు తోడ్పడినవి. అయినను వీధిరూపమును మార్చుట ముఖ్యకారణములలో నొకటి.

1852లో ధవళేశ్వరమువద్ద ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట పూర్తియైన తరువాత మన డెల్టాలో కాలువలు అల్లుకొన్నవి. వాని గట్లపై బాటలే తరువాత రోడ్లైనవి. ఒకప్రక్క నీరు, ఒకప్రక్క పొలమునకు దిగు పల్లము. లారీ వచ్చినపుడు సైకిలువాడు తప్పుకొనుటకు చోటుండదు. పలుచోట్ల ఎదుటిగట్టు మట్టిబాటగానే యున్నది. ఆ గట్టును చదునుచేసి నడకకును, సైకిళ్ళకును విడిచినచో క్రొత్తగా భూమి కొననక్కరలేదు. వేసవి మధ్యాహ్నమున తారురోడ్డు 60 డిగ్రీలను దాటి కాగును. నీడలేని బాట ఎంత బాగున్నను నడచువారుండరు. వేపకును, కానుగకును కడియపులంక నర్సరీలు దగ్గరనే యున్నవి.

పుష్కరములు వచ్చినపుడు స్నానఘట్టములకు చేరువనున్న వీధులలో వాహనములను నిలిపి, లక్షలమందికి నడక దారి కల్పించుదురు. 2015 పుష్కరముల తరువాత మరల 2027లో పుష్కరములు. అందుకొరకు వీధులను త్రవ్వి బాగుచేయునపుడే కాలిబాటలను, దాటుచోటులను, నీడను సరిగా అమర్చినచో వేరుగా అగు ఖర్చు కొంచెము. యాత్రికులు ఆ బాటలపై నడచునది పండ్రెండు దినములు. ఆ తరువాత పండ్రెండు సంవత్సరములు నడచువారు ఊరివారే.