గుమ్మడికాయకి 1152 కుట్లు

అక్టోబర్ దగ్గరపడితే చాలు, మన ఫోన్లలో నారింజ రంగు గుమ్మడికాయలు మొదలవుతాయి. అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న సీనియర్ల ఫోటోల్లో మెట్ల మీద అవే, బల్ల మీద అవే. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపల్ని తొలిచి దీపం పెట్టే అలవాటు ఉండేది. వలస వెళ్ళినవాళ్ళతో అది అమెరికా చేరి, అక్కడ దొరికే గుమ్మడికాయకి మారింది. అసలు కాయ ఎలాగూ కుళ్ళిపోతుంది కాబట్టి చాలామంది ఊలుతో ఒకటి అల్లి, లోపల దూది కూరి, ఏటా బయటికి తీసి పెట్టుకుంటారు. మన గుమ్మాలకి దిష్టి కోసం కట్టే బూడిద గుమ్మడికాయకీ దీనికీ సంబంధం లేదు. ఇది ఉత్త అలంకారం.

దాన్ని ఎలా అల్లాలో ఇక్కడ చెప్తాను. క్రోషే రాకపోయినా పర్లేదు, లూప్ అంటే తెలిస్తే చాలు. సీఎస్ఈ వాళ్ళకి అది నేను చెప్పక్కర్లేదు కదా!

కావలసినవి తక్కువే. మధ్యరకం లావున్న నారింజ రంగు ఊలు 50 గ్రాములు, తొడిమకి కొంచెం గోధుమ రంగు ఊలు, 4 మిల్లీమీటర్ల క్రోషే సూది, పెద్ద బెజ్జం ఉన్న ఒక మొద్దు సూది, కూరడానికి పాలిస్టర్ దూది. బూరుగు దూది వద్దు, కుట్ల సందుల్లోంచి బయటికి వచ్చేస్తుంది.

కుట్లు రెండే నేర్చుకోవాలి. మొదటిది చెయిన్: సూది మీద ఉన్న లూప్‌లోంచి ఊలుని లాగితే ఒక చెయిన్. రెండోది సింగిల్ క్రోషే: సూదిని కింది కుట్టులో గుచ్చి ఊలు లాగితే సూది మీద రెండు లూప్‌లు ఉంటాయి. మళ్ళీ ఊలు చుట్టి, ఆ రెండింట్లోంచీ ఒకేసారి లాగేయాలి. అంతే. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అమెరికా వాళ్ళు సింగిల్ క్రోషే అనేదాన్నే బ్రిటన్ వాళ్ళు డబుల్ క్రోషే అంటారు. నెట్‌లో ప్యాటర్న్ తీసుకుంటే అది ఏ దేశం భాషలో ఉందో ముందు చూడాలి. ఒకే పేరుకి రెండు వెర్షన్లలో రెండు అర్థాలు ఉన్నట్టు.

ఇప్పుడు అసలు ప్రోగ్రాం. 25 చెయిన్లు వేసి, సూది నుంచి రెండో చెయిన్‌లో మొదలుపెట్టి 24 సింగిల్ క్రోషేలు వేయండి. ఒక చెయిన్ వేసి, పట్టీని తిప్పి, మళ్ళీ 24. ఇలా మొత్తం 48 వరసలు. రెండో వరస నుంచి చిన్న మార్పు: ప్రతి కుట్టు తల మీద ఇంగ్లీషు 'వి' ఆకారంలో రెండు పోగులు కనిపిస్తాయి. సూదిని రెండింటి కిందా కాకుండా, మనకి దూరంగా ఉన్న పోగు కింద మాత్రమే గుచ్చాలి. వదిలేసిన పోగు గట్టులా పైకి తేలుతుంది. పట్టీని నిలబెట్టినప్పుడు ఆ గట్లే గుమ్మడికాయ మీది నిలువు గీతలు అవుతాయి.

24కి 48 ఎందుకు? కాయని గోళం అనుకోండి. పై కొన నుంచి కింది కొన దాకా పైపైన కొలిస్తే, అది నడుము చుట్టుకొలతలో సగం. సింగిల్ క్రోషే దాదాపు ఎంత వెడల్పో అంత ఎత్తు. కాబట్టి కుట్లకి రెట్టింపు వరసలు వేస్తే సరిపోతుంది. పెద్ద కాయ కావాలంటే 36కి 72.

పట్టీ అయ్యాక మొదటి వరసనీ చివరి వరసనీ కలిపి కుడితే గొట్టం వస్తుంది. ఒక అంచు చుట్టూ మొద్దు సూదితో ఊలు ఎక్కించి, సంచి మూతిలా బిగించి ముడేయండి. దూది కూరండి, మరీ గట్టిగా వద్దు. రెండో మూతీ బిగించండి. ఇప్పుడు పొడుగాటి ఊలుతో పై మధ్యలోంచి కింది మధ్యకి గుచ్చి లాగితే కాయ కాస్త అణుగుతుంది. అదే ఊలుని బయటి నుంచి పైకి తెచ్చి, మళ్ళీ మధ్యలోంచి కిందకి. ప్రతి 6 వరసలకి ఒకసారి ఇలా చేస్తే 8 గాడులు పడతాయి. అప్పటిదాకా బంతిలా ఉన్నది అక్కడ గుమ్మడికాయ అవుతుంది.

తొడిమ గుండ్రంగా అల్లాలి. చిన్న రింగులో 6 కుట్లు వేసి, పెంచకుండా 6 రౌండ్లు పోతే సన్నటి గొట్టం వస్తుంది. ఆఖరి రౌండులో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 12 అయ్యి అడుగు విచ్చుకుంటుంది. దాన్ని కాయకి కుట్టేయండి. క్రోషేలో ఈ 6 ప్రతిచోటా కనిపిస్తుంది. చదునైన వృత్తం కావాలంటే రౌండుకి 6 కుట్లు పెంచాలి: 6, 12, 18, 24. వ్యాసార్థం ఒక కుట్టు పెరిగితే చుట్టుకొలత రెండు పైలు, అంటే 6.28 పెరుగుతుంది కదా, అందుకు. 4 పెంచితే గిన్నెలా ముడుచుకుంటుంది, 9 పెంచితే అంచులు కుచ్చిళ్ళవుతాయి.

ప్యాటర్న్‌లో రాయలేనిది ఒకటుంది. దాన్ని మా అమ్మమ్మ చేతి బిగువు అంటుంది. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి లేసు అల్లిన చెయ్యి. నాకు నేర్పేటప్పుడు చెప్పింది ఒకటే: "బిగబట్టకురా నాన్నా, దారాన్ని వేళ్ళ మధ్య నడవనీ." అదే 24కి 48 పట్టీ నా చేతిలో ఒక సైజు, ఆవిడ చేతిలో ఒక సైజు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 24 ఇంటూ 48 అంటే 1152 కుట్లు. అలవాటైన చెయ్యి కుట్టుకి 5 సెకన్లు తీసుకుంటుందనుకున్నా, పట్టీకే 96 నిమిషాలు. తొడిమ, కూరడం, గాడులు కలిపితే రెండు గంటలు దాటుతుంది. యంత్రం మీద కుదరదా అంటే, కుదరదు. స్వెటర్ అల్లికలో లూప్‌లన్నీ వరసగా సూదుల మీద నిలబడి ఉంటాయి, దానికి యంత్రాలు ఉన్నాయి. క్రోషేలో పనిలో ఉండే లూప్ ఒక్కటే, సూది ప్రతిసారీ అల్లేసిన గుడ్డలోకి వెతుక్కుంటూ దిగాలి. చేతి క్రోషేకి సమానమైన పని చేసే యంత్రం ఇప్పటికీ మార్కెట్‌లోకి రాలేదు. 'క్రోషే మెషిన్' పేరుతో అమ్మేవి చేసేది వేరే రకం అల్లిక. అంటే షాపులో కనిపించే ప్రతి క్రోషే టాప్ వెనకా, ప్రతి బొమ్మ వెనకా ఎవరో కూర్చుని అల్లిన గంటలు ఉన్నాయి.

ఆ ఎవరో మనకి దూరంవాళ్ళు కూడా కాదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో అల్లిన లేసు తరాలుగా విదేశాలకి వెళ్తోంది. 2024లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ వీళ్ళ మీద రాసిన పుస్తకం 1982లోనే వచ్చింది. వీళ్ళు రోజుకి గంటల తరబడి పనిచేస్తున్నా, 'ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళు ఏదో అల్లుకుంటున్నారు' అనే చూపు వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ చూపించింది.

మనం కూడా 'టైంపాస్‌కి అల్లుతారు' అని తేలిగ్గా అనేస్తాం. ఇలాంటి గుమ్మడికాయ ఎక్కడో 300 రూపాయలకి అమ్మారనుకోండి. ఊలుకీ దూదికీ 100, షాపుకి 100 పోతే, అల్లినవాళ్ళకి మిగిలేది రెండు గంటలకి పైగా పనికి 100. ఈ లెక్క ఊహే, కానీ కుట్లు మాత్రం నిజంగా 1152. ఒక్కసారి మీరే అల్లి చూస్తే, తర్వాత ఎగ్జిబిషన్‌లో "ఇంతా?" అని బేరమాడే ముందు నోరు కాస్త ఆగుతుంది.

నా దగ్గర 4 మిల్లీమీటర్ల సూదులు రెండు ఎక్స్‌ట్రా ఉన్నాయి. కావాలంటే హాస్టల్‌కి వచ్చి పట్టుకెళ్ళండి, మొదటి వరస పక్కన కూర్చుని వేయిస్తాను. మిగతా 47 మీవి.