ఇంగ్లిష్ సాహిత్య పదాలు: అపోహలు – వాస్తవాలు

పరీక్షల నెల వచ్చిందంటే నిజాంపేట అపార్ట్‌మెంట్లలో ఇంగ్లిష్ లిటరేచర్ కూడా బట్టీ సబ్జెక్ట్ అయిపోతుంది. సిమిలీ, మెటఫర్, మెటానమీ, ఆక్సిమోరాన్... ఒక పక్క పేరు, ఎదురుగా నిర్వచనం. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ పిల్లల నుంచి నెట్, డీఎస్సీ రాసేవాళ్ల దాకా అందరిదీ ఇదే వరస. అంత కష్టపడి చదివిన పిల్లలు తీరా ప్రశ్నపత్రంలో కొత్త పద్యం కనిపించగానే తెల్లమొహం వేయడం చూస్తే బాధేస్తుంది. ఈ పదాల చుట్టూ పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే వాళ్లను దెబ్బతీస్తున్నాయి.

అపోహ: ఇది ఇంగ్లిష్‌వాళ్ల విద్య, మనకు కొత్త.

ఈ పేర్లలో చాలావరకు ఇంగ్లిష్‌కే కొత్త. గ్రీకు, లాటిన్‌ల నుంచి తెచ్చుకున్నవి. 1589లో జార్జ్ పటెన్‌హమ్ ఇంగ్లిష్ కవిత్వ కళ మీద పుస్తకం రాస్తూ, గ్రీకు పేర్లు తన పాఠకులకు కొరుకుడుపడవని ఒక్కోదానికీ ఇంగ్లిష్‌లో మారుపేరు పెట్టుకుంటూ పోయాడు. అంతకు రెండున్నర శతాబ్దాల ముందే ఓరుగల్లులో, కాకతీయ ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు సంస్కృతంలో ప్రతాపరుద్రీయం రాశాడు. ముందు లక్షణం చెప్పి, వెంటనే లక్ష్యంగా రాజు మీద తానే కట్టిన శ్లోకం ఇస్తాడు. నిర్వచనం పక్కన సొంత ఉదాహరణ ఉండాలన్న ఆ పద్ధతిని మన పిల్లలు వదిలేశారు, అక్కడే నష్టపోతున్నారు. నిజాంపేట రోడ్డు మీద ఒక సిమిలీ, ఇంటి ముందు ఆగని వాటర్ ట్యాంకర్ మీద ఒక హైపర్‌బొలీ సొంతంగా రాసిన పిల్లకు ఆ పేర్లు మళ్లీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం ఇక్కడ మామూలైపోయింది. పదో తరగతి దాకా తెలుగు వాచకంలో నేర్చుకున్న ఉపమ, రూపకం, అతిశయోక్తి, అంత్యానుప్రాస కూడా ఆ వదిలేసినదాంతోపాటే పోతున్నాయి. ఇంగ్లిష్ క్లాసులో మొదట అక్కరకొచ్చేది ఆ నాలుగే.

అపోహ: తెలుగు పేరు తెలిస్తే చాలు, ఇంగ్లిష్ పేరు దానికి సరిగ్గా అతుకుతుంది.

ఉపమకు సిమిలీ, రూపకానికి మెటఫర్ చాలావరకు అతుకుతాయి. ఆ తర్వాత జాగ్రత్తగా అడుగేయాలి. రైమ్‌ను ప్రాస అనేస్తాం. కానీ తెలుగు పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోనూ రెండో అక్షరం కలవడం. పాదాల చివర కలిసేది అంత్యప్రాస, రైమ్‌కు దగ్గరిది అదే. సీజ్యూరాను యతి అనుకోవడమూ ఇలాంటిదే. సీజ్యూరా అంటే పాదం మధ్యలో విరామం. తెలుగు యతి పాదం మొదటి అక్షరానికీ, యతిస్థానంలోని అక్షరానికీ కుదిరే మైత్రి. ఆ లెక్కన యతి తెలిసిన చెవికి త్వరగా పట్టుబడేది అలిటరేషన్.

అన్నిటికంటే ఎక్కువ తికమక ఛందస్సు దగ్గర. ఐయాంబ్ అంటే లఘువు, గురువు అని నోట్సులో రాసుకుంటారు. మన గురులఘువులు అక్షరం పలకడానికి పట్టే కాలాన్ని బట్టి ఏర్పడతాయి. ఇంగ్లిష్‌లో చూసేది ఊనిక, అంటే ఏ అక్షరాన్ని నొక్కి పలుకుతారన్నది. ‘సిటీ’ అన్న మాటకు మన పద్ధతిలో గణం కడితే లఘువు, గురువు వస్తాయి కాబట్టి ఐయాంబ్ అనిపిస్తుంది. ఇంగ్లిష్‌వాళ్లు నొక్కేది మొదటి అక్షరాన్ని. అది ట్రోకీ. మనం ఇంగ్లిష్‌ను మన యాసలో అన్ని అక్షరాలూ సమంగా పలుకుతాం కాబట్టి ఈ తేడా చెవికి అందదు. డిక్షనరీలో నొక్కాల్సిన అక్షరం ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. పద్యం చదివేటప్పుడు నాలుగు పాదాలకైనా ఆ గీతలు పెట్టుకుని గట్టిగా చదివితే, పేజీల నోట్సు చేయలేని పని అవుతుంది.

అపోహ: ఒకే అక్షరంతో మొదలైతే అలిటరేషన్.

తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఈ పొరపాటు సహజం. ‘సిటీ’, ‘క్యాట్’, ‘చెయిర్’ మూడూ ఇంగ్లిష్‌లో సి అక్షరంతోనే మొదలవుతాయి, మూడింటి ధ్వనీ వేరు. ‘ఫోన్’, ‘ఫిష్’ రాతలో కలవవు, పలుకులో కలుస్తాయి. అలిటరేషన్‌కు చెవే ప్రమాణం.

అపోహ: మెటానమీ, సినెక్‌డకీ, డ్రమాటిక్ ఐరనీ లాంటివి పీజీ వాళ్లకే.

‘గాంధీభవన్ ఒప్పుకుంది’ అని పేపర్లో చదివితే కాంగ్రెస్ పార్టీ అని అర్థమవుతుంది. అది మెటానమీ. ‘తలకు వంద’ అని చందా వేసుకుంటాం, హైటెక్ సిటీ కంపెనీలు మనుషుల్ని హెడ్‌కౌంట్ అంటాయి. అది సినెక్‌డకీ. 1957 నాటి మాయాబజార్‌లో పెళ్లికూతురి రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, లక్ష్మణకుమారుడికి తెలీదు. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లు చేసుకున్నది ఆడవేషంలో ఉన్న కుర్రాణ్ణని కూడా మనకే తెలుసు. డ్రమాటిక్ ఐరనీకి ఇంతకన్నా మంచి పాఠం ఏ గ్లాసరీలోనూ దొరకదు.

అపోహ: ఎన్ని పదాలు వస్తే అంత మంచిది.

భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన అలంకారాలు నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాతి లాక్షణికులు వాటిని వంద దాటించారు. మొదలుపెట్టేవాళ్లకు పది, పన్నెండు చాలు. 1957లో తొలిసారి వచ్చిన ఎం.హెచ్. ఏబ్రమ్స్ గ్లాసరీ లాంటి పుస్తకం అనుమానం వచ్చినప్పుడు తెరవడానికి బాగుంటుంది, మొదటి పేజీ నుంచి అప్పజెప్పడానికి కాదు.

అపోహ: పేరు రాసి కింద గీత గీస్తే మార్కులు పడతాయి.

ఒక మార్కు ప్రశ్నకు పడొచ్చు. పెద్ద ప్రశ్నకు పేరు ఆరంభం మాత్రమే. ‘సాయంత్రం ఆరింటికి నిజాంపేట రోడ్డుకు ఊపిరాడదు’ అన్న వాక్యం ఇచ్చారనుకుందాం. ‘ఇందులో పర్సానిఫికేషన్ ఉంది, దీనివల్ల వాక్యానికి అందం వచ్చింది’ అని రాస్తే ఏ వాక్యానికైనా సరిపోయే జవాబు అది. ‘ఊపిరాడనిది బండ్ల మధ్య ఇరుక్కున్న మనుషులకు. రచయిత ఆ అవస్థను రోడ్డుకే అంటగట్టాడు. దాంతో మనుషులూ రోడ్డూ కలిసి ఒకే శరీరంలా తోస్తారు, ఎవరి మీదా కోపం రాదు, అందరి మీదా జాలి కలుగుతుంది’ అని రాసిన పిల్ల పర్సానిఫికేషన్ అన్న పేరు మర్చిపోయినా వాక్యం చేసిన పనిని పట్టుకుంది. ఆ పేరు ఆమెకు రెండు నిమిషాల్లో గుర్తుచేయొచ్చు.